సీరం 56 డిగ్రీల్లో అరగంట పెడితే వైరస్ పోయినట్టేనా? గొర్రె రక్తం నుంచి సేఫ్‌గా సీరం ఎలా చేయాలి

"అన్నా, సీరం వాటర్ బాత్‌లో 56 డిగ్రీల్లో 30 నిమిషాలు పెట్టేశా, ఇంక వైరస్ భయం లేదు కదా?" ఈ మాట వినని వారం లేదు నాకు. తిరుపతిలో ల్యాబులకి కొదవ లేదు, ఎస్వీయూ ఉంది, పద్మావతి మహిళా ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, 2015లో ఐసర్ కూడా వచ్చింది, సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) చేసే పిల్లకాయలు ప్రతిచోటా ఉన్నారు. ఆ కణాలకి మేతగా పోసే సీరం (రక్తం గడ్డ కట్టాక మిగిలే ద్రవం) బయట రేటు చూసి కళ్ళు తిరిగి, మన ఊర్లో గొర్రెలకేం తక్కువ, మనమే తీసుకుందాం అని మొదలుపెడతారు, తీస్తారు, 56లో పెడతారు, పనైపోయింది అనుకుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

జవాబు ముందే చెప్పేస్తా. పోదు. 56 డిగ్రీలు అరగంట అనేది సీరంలో ఉండి పరాయి కణాలని పగలగొట్టే కాంప్లిమెంట్ ప్రోటీన్ల పని ఆపడానికి పెట్టుకున్న స్టెప్, వైరస్ కోసం కాదు. ఆ వేడికి కొన్ని వైరస్‌లు తగ్గుతాయి, నిజమే, కానీ పార్వో లాంటి బుల్లి వైరస్‌లు దాన్ని లెక్కే చేయవు. వైరస్ సేఫ్టీ అంటే మంచి గొర్రె, సరైన టెస్టు, చంపే స్టెప్, ఈ మూడూ ఉండాలి, ఒకటి తగ్గినా మిగతా రెండూ దాన్ని పూర్తిగా కవర్ చేయలేవు.

ఇంకోటి, ఇదంతా ల్యాబ్ వాడకానికి మాత్రమే. మనిషికో పశువుకో ఇంజెక్షన్‌గా ఇచ్చేది తయారు చేయాలంటే అది లైసెన్సు, ఇన్‌స్పెక్షన్ ఉండే వేరే లోకం, ఇది చదివి ఆ పని పెట్టుకోవద్దు సామీ.

ఏమేం కావాలి

- ఎక్కడ పుట్టిందో, ఏ టీకాలు వేశారో రికార్డు ఉన్న గొర్రెలు, చూసే వెటర్నరీ డాక్టరు, బతికున్న గొర్రె నుంచి తీస్తే మీ సంస్థ జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి
- స్టెరైల్ బ్లడ్ బ్యాగులు (రక్తం గడ్డ కట్టనీయని మందు, అంటే యాంటీ కోయాగ్యులెంట్ లేనివి) లేదా స్టెరైల్ సీసాలు
- కూలింగ్ సెంట్రిఫ్యూజ్, బయోసేఫ్టీ క్యాబినెట్
- 0.45, 0.2, 0.1 మైక్రాన్ ఫిల్టర్లు
- మైనస్ 20 ఫ్రీజర్, శాంపిళ్ళకి మైనస్ 70 లేదా 80
- వాటర్ బాత్, విడిగా నమ్మకమైన థర్మామీటర్ ఒకటి (బాత్ మీద కనిపించే నంబర్‌ని నేను నమ్మను)
- పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే టెస్టు), సెల్ కల్చర్ టెస్ట్ చేసిపెట్టే ల్యాబ్‌తో ముందే మాట్లాడుకుని ఉండటం
- ఆటోక్లేవ్, గ్లౌజులు, కళ్ళద్దాలు, ఒక రిజిస్టర్

థియరీ ఒక్క ముక్కే. వైరస్‌ల్లో కోటు వేసుకున్నవి, కోటు లేనివి అని రెండు రకాలు అనుకోండి. కోటు అంటే పైన కొవ్వు పొర. పీపీఆర్ (గొర్రెల, మేకల ప్లేగు), గొర్రె మశూచి, బీవీడీవీ (ఆవుల్లో పారుడు జబ్బు వైరస్), దాని చుట్టం గొర్రెల్లో వచ్చే బోర్డర్ డిసీజ్ వైరస్, ఇవన్నీ కోటు ఉన్నవి, డిటర్జెంట్‌కి ఆ కోటు ఊడిపోతుంది, పని ఖతం. నీలినాలుక, గాలికుంటు, పార్వో, అడినో, ఇవి కోటు లేనివి, డిటర్జెంట్ పోస్తే స్నానం చేసినట్టే వాటికి. ఇది గుర్తుంటే కింద ఏ స్టెప్ ఎందుకో మీకే అర్థమవుతుంది.

1. గొర్రెను ఎంచుకోండి, రక్తాన్ని కాదు

సగం పని ఇక్కడే అయిపోతుంది, అందరూ దాటేసేదీ ఇక్కడే. ఆదివారం పొద్దున మటన్ కొట్టుకి పోయి బకెట్లో పట్టుకొస్తే ఆ బకెట్లో ఎన్ని జీవాల రక్తం కలిసిందో, అవి పుంగనూరు నుంచి వచ్చినాయో పలమనేరు సంత నుంచో కొట్టాయనకే తెలీదు. పది గొర్రెల్లో ఒకదానికి వైరస్ ఉన్నా పూల్ (అన్నీ కలిపింది) మొత్తం పోయినట్టే. నిండు కుండ పాలల్లో ఒక్క చుక్క మజ్జిగ సంగతి మన చిత్తూరోళ్ళకి చెప్పక్కర్లేదు.

మందను కనీసం నెల రోజులు విడిగా పెట్టి చూడండి. జ్వరం, ముక్కు కారడం, పారుడు, నోట్లో పుండ్లు, మూతి వాపు, కుంటడం, ఏదున్నా ఆ గొర్రె వద్దు, దాని పక్కన కట్టేసిన గొర్రె కూడా వద్దు. పీపీఆర్, మశూచి టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి కాబట్టి వేసిన వెంటనే రక్తం తీయకూడదు, నేనైతే నెల పైనే గ్యాప్ ఇస్తా.

మన వైపు ప్రత్యేకంగా చూడాల్సింది నీలినాలుక. దాన్ని మోసేది క్యూలికాయిడ్స్ అనే చిన్న దోమలాంటి పురుగు, వానలు పడి బురద ఉంటే తెగ పెరుగుతుంది, అందుకే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తిరుపతి, చిత్తూరు వానాకాలంలో రక్తం తీయకపోవడమే మేలు. ఈ వైరస్‌కి ఇంకో చెడ్డ గుణం ఉంది, ఎర్ర రక్త కణాలకి అతుక్కుని ఉంటుంది, ఒంట్లో యాంటీబాడీలు వచ్చేసినా కూడా రక్తంలో వారాల తరబడి తిరుగుతానే ఉంటుంది. గొర్రె చూస్తే హుషారుగా ఉంటుంది, మేత మేస్తుంది, రక్తం మాత్రం పాజిటివ్. అందుకే కంటితో చూసి సరే అనేయొద్దు, ప్రతి గొర్రెకీ తీసే ముందు ఈడీటీఏ రక్తంతో (గడ్డ కట్టకుండా ఈడీటీఏ మందున్న ట్యూబులో తీసింది) నీలినాలుక పీసీఆర్ చేయించండి. బీవీడీవీ, బోర్డర్ డిసీజ్ రెండూ పెస్టివైరస్ కుటుంబమే, రెంటికీ కలిపి పెస్టివైరస్ పీసీఆర్ ఒకటి.

హెచ్చరిక: ఉన్నట్టుండి చచ్చిపోయి ముక్కులోంచి, వెనక నుంచి గడ్డ కట్టని నల్లటి రక్తం వస్తుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అది బాక్టీరియా, దాని స్పోర్లు 56కి కాదు కదా మరిగే నీళ్ళకి కూడా అంత తేలిగ్గా లొంగవు. కోయొద్దు, రక్తం ముట్టుకోవద్దు, పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి.

2. రక్తం తీయడం

ముందు రోజు రాత్రి మేత ఆపండి, నీళ్ళు మాత్రం ఉంచండి. మేసిన గొర్రె సీరం కొవ్వుతో పాలలాగా ఉండి ఫిల్టర్‌ని అరగంటలో మూసేస్తుంది. మెడ దగ్గర బొచ్చు తీసి, స్పిరిట్ పెట్టి, జుగులర్ సిర నుంచి మూసి ఉన్న బ్యాగులోకే తీయాలి, తెరిచిన గిన్నెలోకి కాదు. ఎంత తీయొచ్చంటే, కిలోకి సుమారు 60 ఎమ్‌ఎల్ రక్తం లెక్కన 30 కిలోల నెల్లూరు గొర్రెకి 1800 ఎమ్‌ఎల్ ఉంటుంది, అందులో పది శాతం అంటే 180 దాటొద్దు, మళ్ళీ ఎప్పుడు తీయొచ్చో డాక్టరు గారు చెప్పాలి.

ఒక గొర్రె, ఒక బ్యాగు, ఒక నంబరు. ఇక్కడే కలిపేయొద్దు. తర్వాత ఒకటి పాజిటివ్ వస్తే ఆ ఒక్క బ్యాగు పారేస్తారు, కలిపేసి ఉంటే అంతా పారేయాలి.

3. గడ్డ కట్టించి సీరం వేరు చేయడం

రూమ్ టెంపరేచర్‌లో గంట, తర్వాత 4 డిగ్రీల్లో రాత్రంతా. రూమ్ టెంపరేచర్ అంటే మే నెలలో తిరుపతి రూమ్ కాదు నాయనా, 40 దాటి ఉంటుంది మనకి, ఏసీ రూమ్‌లో పెట్టండి. పొద్దున సెంట్రిఫ్యూజ్‌లో 2000 జీ (భూమ్యాకర్షణకి 2000 రెట్లు) మీద 20 నిమిషాలు 4 డిగ్రీల్లో తిప్పి, పైన సీరం మాత్రం నెమ్మదిగా తీసుకోండి. అడుగున ఎర్రగా ఉన్నదాని దగ్గరికి పోవద్దు, చివరి 10 ఎమ్‌ఎల్ కోసం ఆశపడి పీల్చారంటే కణాలన్నీ వచ్చేస్తాయి.

చెక్: సీరం లేత గడ్డి రంగులో ఉండాలి. గులాబీ రంగొచ్చిందంటే కణాలు పగిలాయని. చాలామంది రంగే కదా అని వదిలేస్తారు, ఇందాక చెప్పా కదా నీలినాలుక వైరస్ కణాలకి అతుక్కుని ఉంటుందని, కణం పగిలితే అది సీరంలోకి వస్తుంది. గులాబీ బ్యాగులు నేను పక్కన పెట్టేస్తా.

4. చంపే స్టెప్‌కి ముందే శాంపిల్ తీయండి

ఈ వరుస తప్పితే టెస్టుకి అర్థం ఉండదు. నెగటివ్ వచ్చిన బ్యాగులు కలిపి పూల్ చేశాక, ఏ ట్రీట్‌మెంటూ ఇవ్వకముందే 50, 100 ఎమ్‌ఎల్ పక్కకి తీసి మైనస్ 70లో పెట్టండి. టెస్ట్ చేయాల్సింది దీన్ని. చంపిన తర్వాత టెస్ట్ చేసి నెగటివ్ అని చూపిస్తే, మొదట ఎంత ఉండేదో మీకు ఎట్లా తెలుస్తుంది?

టెస్టులు రెండు రకాలు చేయించాలి, ఒకటి పీసీఆర్, రెండోది సెల్ కల్చర్. పీసీఆర్ ఫాస్టే కానీ చచ్చిన వైరస్‌కీ బతికిన వైరస్‌కీ తేడా తెలీదు దానికి. సెల్ కల్చర్‌లో సీరంని బోవైన్ లేదా గొర్రె సెల్స్ మీద, ఇంకా వీరో సెల్స్ (కోతి కిడ్నీ కణాలు) మీద వేసి, మధ్యలో పాసేజ్ చేస్తా (కొత్త గిన్నెలోకి మారుస్తా) 21 రోజులు చూస్తారు. ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి.

మొదటిది, బీవీడీవీలో మామూలుగా దొరికే రకం సెల్స్‌ని చంపదు. మైక్రోస్కోప్‌లో చూస్తే సెల్స్ బంగారంలాగా ఉంటాయి, లోపల వైరస్ కాపురం పెట్టేసి ఉంటుంది. చివర్లో ఫ్లోరోసెంట్ యాంటీబాడీ స్టెయిన్ (వైరస్‌కి అతుక్కుని మెరిసే రంగు) చేయించకపోతే 21 రోజులూ దండగ. 1999లో నెదర్లాండ్స్‌లో ఆవులకి వేసిన ఐబీఆర్ (ఆవుల శ్వాస జబ్బు) వ్యాక్సిన్‌లో బీవీడీవీ టైప్ 2 దూరి, టీకా వేసిన మందలే జబ్బు పడ్డాయి. కంపెనీలకే తప్పలేదు, మనమెంత.

రెండోది, గొర్రెకి ముందే యాంటీబాడీలు ఉంటే ఆ సీరంలో ఉన్న వైరస్‌ని అవే పట్టేసుకుంటాయి, కల్చర్‌లో పెరగదు, నెగటివ్ వస్తుంది. అందుకే యాంటీబాడీ టైటర్ (ఎంత మోతాదులో ఉన్నాయో) కూడా చూడమని అడగండి, టైటర్ ఎక్కువుంటే ఆ నెగటివ్‌ని నమ్మొద్దు.

ఎంత పోసి టెస్ట్ చేశారో కూడా అడగండి. 100 ఎమ్‌ఎల్‌కి ఒక్క వైరస్ ఉన్న సీరంలో 1 ఎమ్‌ఎల్ తీసి టెస్ట్ చేస్తే 99 శాతం సార్లు దొరకదు. రిపోర్టులో నెగటివ్ అన్న పదం పక్కన వాల్యూమ్ రాయకపోతే ఫోన్ చేసి కనుక్కుంటా నేను.

5. ఫిల్టర్

0.45, తర్వాత 0.2, ఆ తర్వాత 0.1. ఓపిక, డబ్బు ఉంటే 0.1 మూడుసార్లు. ఇది బాక్టీరియా, మైకోప్లాస్మా (గోడ లేని బుల్లి బాక్టీరియా) కోసం, వైరస్ కోసం అనుకోవద్దు. 0.1 మైక్రాన్ అంటే 100 నానోమీటర్లు, బీవీడీవీ 40 నుంచి 60, పార్వో 20 పైచిలుకు, ఆ రంధ్రంలోంచి వరసగా నడిచిపోతాయి. 20 నానోమీటర్ల వైరస్ ఫిల్టర్లు ఉన్నాయి కదా అంటారు, ఉన్నాయి, కానీ అవి శుద్ధి చేసిన ప్రోటీన్‌కి, మొత్తం సీరం పోస్తే వెంటనే మూసుకుపోతుంది, డబ్బులు పోతాయి.

చెక్: ఫిల్టర్ అయ్యాక బబుల్ పాయింట్ (తడి ఫిల్టర్‌లోంచి ఎంత ఒత్తిడికి గాలి బుడగలు వస్తాయో) చూడండి, ఫిల్టర్ మధ్యలో చిరిగి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

6. చంపే స్టెప్

మొత్తం సీరంకి గామా రేడియేషన్ బెస్ట్. మామూలుగా ఇచ్చే డోసు 25 నుంచి 40 కిలోగ్రే (రేడియేషన్ డోసు కొలత) మధ్య ఉంటుంది. ఇది మన దగ్గర చేసేది కాదు, గామా సెంటర్‌కి పంపాలి. సీసాలు ముప్పావు వంతే నింపండి, గడ్డకడితే ఉబ్బుతుంది. మైనస్ 70లో గట్టిగా గడ్డ కట్టించి, థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్‌తో పంపండి, రేడియేషన్ పడేటప్పుడు సీరం గడ్డగానే ఉండాలి, కరిగి ఉంటే ప్రోటీన్లు కూడా దెబ్బతింటాయి. ఒకసారి నేను పంపిన పెట్టె గేటు దగ్గర మధ్యాహ్నమంతా ఎండలో పడి ఉంది, వెనక్కి వచ్చిన సీరంలో సెల్స్ పెరగనే లేదు, ఏమైందో అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి పెట్టెలో టెంపరేచర్ లాగర్ లేకుండా పంపింది లేదు.

హెచ్చరిక: డ్రై ఐస్ పెట్టెకి టేపు చుట్టి గాలాడకుండా మూయొద్దు, గ్యాస్ పట్టి పగులుతుంది. కారులో తీసుకుపోతే అద్దాలు దించండి.

చెక్: సీసా మీద రంగు మారే స్టిక్కర్ చూసి సంబరపడొద్దు, అది రేడియేషన్ తగిలింది అని చెప్తుంది, ఎంత తగిలిందో చెప్పదు. డోసిమీటర్ (డోసు కొలిచే పరికరం) సర్టిఫికెట్ అడగండి, అందులో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉండాలి.

గామా కూడా పార్వో లాంటి బుల్లి వైరస్‌ల మీద అంత గట్టిగా పనిచేయదు. వాటికి మీ ఆధారం స్టెప్ 1, స్టెప్ 4 మాత్రమే, అందుకే అవి దాటేయొద్దని అంతగా చెప్పా.

మీకు కావాల్సింది మొత్తం సీరం కాకపోతే వేరే దారులు ఉన్నాయి:

- యాంటీబాడీలు మాత్రమే కావాలంటే కాప్రిలిక్ యాసిడ్‌తో మిగతా ప్రోటీన్లు దించేయడం. కోటు ఉన్న వైరస్‌లని కూడా కొడుతుంది, పాము విషం మందు తయారీలో గుర్రం ప్లాస్మాకి వాడేది ఇదే.
- సాల్వెంట్ డిటర్జెంట్: టీఎన్‌బీపీ (సాల్వెంట్) 0.3 శాతం, "ట్వీన్ 80" (డిటర్జెంట్) 1 శాతం, 24 డిగ్రీల్లో 6 గంటలు. కోటు ఉన్నవాటికి అద్భుతం, లేనివాటికి సున్నా. తర్వాత డిటర్జెంట్ తీసేయాలి, లేకపోతే మీ సెల్స్ కోటు కూడా ఊడుతుంది.
- ఆల్బుమిన్ అయితే 60 డిగ్రీల్లో 10 గంటలు, సోడియం కాప్రిలేట్ లాంటి స్టెబిలైజర్ వేసి. మామూలు సీరంని ఇట్లా పెట్టొద్దు, పాడైపోతుంది.

ఎఫ్‌బీఎస్ (కోసిన చూడి ఆవు కడుపులోని దూడ రక్తం నుంచి తీసే సీరం) కూడా మనమే చేసుకోలేమా అని అడిగేవాళ్ళకి, మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవుల వధే నిషేధం, ఆ ఆలోచన వదిలేసి సర్టిఫికెట్ ఉన్నది కొనుక్కోండి.

7. ఆ 56 డిగ్రీలు, చేయాల్సి వస్తే సరిగ్గా

మీ ప్రయోగానికి కాంప్లిమెంట్ అడ్డం అయితేనే చేయండి. గడ్డకట్టిన సీరంని రాత్రంతా ఫ్రిజ్‌లో కరిగించండి. సీరం సీసాతో పాటు అంతే సైజు సీసాలో అంతే నీళ్ళు పోసి, అందులో థర్మామీటర్ దించి పక్కన పెట్టండి. ఈ డమ్మీ సీసాలో 56 చూపించినప్పుడు టైమ్ మొదలు. బాత్ 56 చూపించినప్పుడు కాదు! 500 ఎమ్‌ఎల్ సీసా లోపల వేడెక్కడానికే అరగంట దాకా పట్టొచ్చు, చాలామంది ఆ అరగంటనే లెక్కేసుకుని తీసేస్తారు. బాత్ నీళ్ళు సీరం మట్టం కన్నా పైన ఉండాలి, 5, 10 నిమిషాలకోసారి మెల్లగా తిప్పండి, కుదపొద్దు, నురగ వస్తుంది. 30 అవగానే ఐస్‌లో పెట్టండి. మధ్యలో కరెంటు పోతే మీ ఫోన్ టైమర్ ఆగదు, బాత్ మాత్రం చల్లారిపోతుంది, డమ్మీలో ఎంతకి దిగిందో చూసి రాసుకోండి.

తర్వాత అడుగున తెల్లటి పోగులు కనిపిస్తే కంగారొద్దు, ఎక్కువసార్లు అది ఫైబ్రిన్. అనుమానం ఉంటే ఒక చుక్క అగార్ ప్లేట్ మీద వేసి చూడండి.

8. మీ స్టెప్ నిజంగా చంపుతుందా, లెక్క ఎట్లా

దీనికి తెలిసిన వైరస్‌ని కావాలని సీరంలో కలిపి, ట్రీట్‌మెంట్‌కి ముందు, తర్వాత మొత్తం ఎంత ఉందో చూస్తారు. 10 ఎమ్‌ఎల్ సీరంలో ఎమ్‌ఎల్‌కి 10⁷ ఉంటే మొత్తం 10⁸. తర్వాత ఎమ్‌ఎల్‌కి 10³ మిగిలితే మొత్తం 10⁴. ఎనిమిదిలోంచి నాలుగు తీస్తే 4 లాగ్ తగ్గింది (ఒక్కో లాగ్ అంటే పది రెట్లు). అంటే వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పదివేల మంది ఉంటే ఒక్కరు మిగిలారని. వినడానికి గొప్పగానే ఉంది, కానీ మీ 10 లీటర్ల పూల్‌లో ఎమ్‌ఎల్‌కి 10⁶ ఉందనుకోండి, మొత్తం 10¹⁰, 4 లాగ్ తీసేసినా ఇంకా పది లక్షలు మిగిలాయి. మొదట్లో తక్కువ ఉండేలా చూసుకోమనేది అందుకే.

కలిపే వైరస్ వాల్యూమ్ పది శాతం దాటకూడదు, దాటితే అది మీ సీరం కాదు, వేరే ద్రవం. 1 లాగ్ అంతకన్నా తక్కువ వస్తే లెక్కలోకి తీసుకోవద్దు. ఒకే రకంగా పనిచేసే స్టెప్‌ని రెండుసార్లు చేసి లాగులు కూడొద్దు, డిటర్జెంట్ రెండుసార్లు పోసినా పార్వోకి సున్నా ప్లస్ సున్నానే. కోటు ఉన్న వైరస్ ఒకటి, లేనిది ఒకటి, కనీసం రెంటితో చేయించండి.

హెచ్చరిక: ఈ పని మీ సీరం రూమ్‌లో చేయొద్దు, ఆ బిల్డింగ్‌లోకి వైరస్ సీసా రానివ్వొద్దు. చిన్న శాంపిల్‌తో, మీ స్టెప్‌ని అదే టెంపరేచర్, అదే టైమ్‌తో బయట ల్యాబ్‌లో చేయించాలి.

ఎక్కువగా చేసే తప్పులు

ట్రీట్ చేసిన సీసాలు, చేయనివి ఒకే ఫ్రీజర్ అరలో పెట్టడం మొదటిది. ఇదొక్కటే చాలు, మీ కష్టమంతా వృథా. వేరే ఫ్రీజర్ లేకపోతే వేరే అర, వేరే రంగు మూత అన్నా ఉండాలి. రెండు, అదే బల్ల, అదే పైపెట్. మూడు, గామా అయ్యాక పీసీఆర్ పాజిటివ్ వచ్చిందని భయపడి పారేయడం, అది చచ్చిన వైరస్ ముక్క కావచ్చు, కల్చర్ చేయించి చూడండి. నాలుగు, రక్తం గడ్డలని బ్లీచ్‌లో వేసి చేతులు దులుపుకోవడం, రక్తంలో ప్రోటీన్ బ్లీచ్‌ని తినేస్తుంది, గడ్డ లోపలికి అది పోనే పోదు. గడ్డలకి ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, బ్లీచ్ బల్లలకి, చిందినవాటికి. బ్లీచ్ కలిపింది మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

సీసా మీద గొర్రెల నంబర్లు, తీసిన తేదీ, పూల్ నంబరు, గామా కనిష్ఠ డోసు, టెస్టుల పేర్లు, టెస్ట్ చేసిన వాల్యూమ్ రాయండి. "సేఫ్" అని రాయకండి, ఏం చేశారో రాయండి, చదివేవాళ్ళు నిర్ణయించుకుంటారు.

ఇది చదివాక మీరు అడిగేది నాకు తెలుసు, "ఇప్పటికే ఫ్రీజర్లో పాత సీరం పది సీసాలుంది అన్నా, దాన్నేం చేయమంటావు?" ఎక్కడి గొర్రెదో రికార్డు లేకపోతే సెల్స్ మీద వేయొద్దు, జూనియర్లకి ఫిల్టర్ చేయడం, డమ్మీ సీసాతో వేడి చేయడం నేర్పడానికి వాడుకోండి. ఆ సీరం ఇప్పటికే తాగిన సెల్ లైన్లు ఉంటే కొత్త సీరం పోసే ముందు వాటికి పెస్టివైరస్ పీసీఆర్ చేయించండి, సెల్స్‌లో వైరస్ ఉండిపోయి ఉంటే పైన ఎంత మంచి సీరం పోసినా పోదు, లిక్విడ్ నైట్రోజన్‌లో దాచిన పాత వయల్స్‌తో సహా.